పిన్ని లేని పద్యం

మొన్న ఆదివారం పొద్దున్న రెండో కాఫీ తాగుతుంటే ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి పంపింది.

"సార్, మీరు దిద్దిన పద్యం చాలా బాగుందండి. కానీ ఇందులో మా అమ్మ లేదండి."

ముందు ఒళ్ళు మండింది. నేను కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. జుట్టంతా గణాలు లెక్కపెడుతూనే ఊడగొట్టుకున్నవాణ్ణి. నాకు చెప్పొచ్చిందా ఈ పిల్ల అనుకున్నాను.

ఇలా అనుకునే అలవాటు మా వాట్సాప్ గ్రూపు వల్ల ముదిరింది. అది పద్యాల గ్రూపు. పొద్దున్నే ఒకాయన సమస్య ఇస్తాడు. మధ్యాహ్నానికల్లా ఊళ్ళో పనీపాటా లేని వాళ్ళందరూ దాన్ని పూరించేస్తారు. సాయంత్రానికి ఒకరినొకరు మహాకవీ అని పిలుచుకుంటారు. ఎవరి పద్యం ఎవరూ చదవరు. చదివితే అన్నన్ని చేతులు జోడించిన బొమ్మలు రావు. యతి ప్రాసలు సరిచూసే యాప్ ఒకటి దొరికాక మరీ పేట్రేగిపోయారు. చెప్పడానికి ఏమీ లేని మనిషి కూడా తప్పుల్లేకుండా ఏమీ చెప్పకుండా ఉండగలుగుతున్నాడు. ఆ గ్రూపు పెద్దల్లో నేనూ ఒకణ్ణి. ఈ మధ్య పిల్లలకి 'అమ్మ' మీద పద్యాల పోటీ పెట్టి, దిద్దే పని నాకు అప్పగించారు.

ఈ అమ్మాయి వాళ్ళమ్మ ఇక్కడే భీమవరం దగ్గర ఐసులో వేసిన రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుందట. పిల్ల ఆటవెలది రాసింది. చివరి రెండు పాదాలు ఇవి:

ఐసుగడ్డలంటి యరచేయి మొద్దైన
అమ్మ తలను నిమిరి యన్నమెట్టు

నేను ఏం చేశాను? పద్యంలో ఐసుగడ్డ ఏంటి, ఎట్టడం ఏంటి అని మొహం చిట్లించి, ఆ రెండూ కొట్టేసి, ఇలా మార్చి పంపాను:

కరుణ నిండు చూపు కల్పవల్లిగ నుండి
అవని దేవతయ్యె నమ్మ మనకు

పంపి, నా పాండిత్యానికి నేనే మురిసిపోయి, ఇడ్లీ తిన్నాను. ఇప్పుడు ఈ మెసేజ్. రెండోసారి చదివేసరికి కోపం పోయింది. అలాంటి మాట నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను. అన్న మనిషి వేరు.

మా పిన్ని అంది ఆ మాట. అమ్మకి చెల్లెలు. నేను అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకునేవాణ్ణి, నరసాపురానికి దగ్గర ఊరు. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య, పిన్ని, నేను. పిన్నిని అయిదో తరగతితో బడి మాన్పించారు. చదివి ఏం ఉద్ధరించాలి అన్నాడట తాతయ్య. తాతయ్య చదివి ఉద్ధరించింది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలీదు. పిన్ని పొద్దస్తమానం వీధరుగు మీద కూర్చుని లేసు అల్లేది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ అల్లేవారు. వేలికి చుట్టుకున్న దారం ఒరిసి ఒరిసి ఆవిడ ఎడమచేతి చూపుడువేలి మీద ఒక గీత పడిపోయింది. పై పన్ను ఒకటి కాస్త ఎత్తు. నవ్వితే వీధి చివరిదాకా వినిపించేది. అమ్మమ్మ అప్పుడల్లా నోరు ముయ్యమని కేకేసేది. పిన్ని పమిట అడ్డం పెట్టుకుని, ఆ చాటున ఇంకాస్త నవ్వేది.

నాకు పద్యం పిచ్చి పట్టించింది మా బళ్ళో తెలుగు మాస్టారు. ఆయన్ని చూస్తే ఊరంతా చేతులు కట్టుకునేది. ఆశుకవి అని పేరు. ఎక్కడ నిలబెట్టినా అప్పటికప్పుడు పద్యం చెబుతాడనేవారు. ముందు రోజు ఇంట్లో గోడ వైపు తిరిగి వల్లెవేసుకునేవాడని ఆయన కాళ్ళు పిసికిన పిల్లలందరికీ తెలుసు. మేం చెబితే నమ్మేదెవరు? ఆయన దగ్గర ఎప్పుడూ నశ్యం వాసన వచ్చేది. తొడ మీద చరుస్తూ గణాలు చెప్పించేవాడు. పాదం తప్పితే మొట్టికాయ, యతి తప్పితే చెవి మెలి. నా కుడిచెవి ఎడమదానికంటే పెద్దదని మా ఆవిడ అంటుంది. అది ఛందస్సు చలవే.

గురువుకి కొక్కెం గుర్తు, లఘువుకి నిలువు పుల్ల గుర్తు. నాకు ఏ మాట వినపడినా పక్కన కొక్కేలూ పుల్లలూ కనిపించేవి. బొగ్గుముక్కతో అమ్మమ్మ సున్నం వేయించిన గోడంతా నింపేశాను. ఒకరోజు అన్నానికి ఆలస్యంగా వెళ్తే అమ్మమ్మ "అన్నమారిపోయె, నెక్కడ చచ్చావు" అని తిట్టింది. తొడ మీద చరిచి చూసుకుంటే అచ్చంగా ఆటవెలది మొదటి పాదం. "అమ్మమ్మా, గణాలు సరిపోయాయి గానీ యతి తప్పిందే" అన్నాను. చేతిలో ఉన్న గరిటెతోనే సమాధానం చెప్పింది. ఆ రోజు ముద్దపప్పు, కొత్త ఆవకాయ. వీపు మంట ఒకపక్క, నోటి మంట ఒకపక్క.

యతి అంటే ఏమిటో నాకు ఎంతకీ తలకెక్కలేదు. మాస్టారు ప్రాణస్థానం, విరామం, మైత్రి అని పెద్ద పెద్ద మాటలు విసిరి చెవి మెలిపెట్టేవాడు. నేను అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే పిన్ని గోడ మీది కొక్కేలు చూసి అవేంటని అడిగింది. చెప్పాను. ఒక పాదంలో అయిదు గణాలు, మొదటి అక్షరం చప్పుడు నాలుగో గణం మొదట్లో మళ్ళీ వినపడాలి.

పిన్ని చేతిలో లేసు ఎత్తి చూపించింది. "ఇంతేనా? అయిదు గళ్ళు అల్లి, నాలుగో గడి దగ్గర మొదటి కుట్టు రంగు మళ్ళీ ఎత్తుకోవడం. దానికి నీ చెవి పిండాలా ఆయన?"

అంతే, నాకు యతి వచ్చేసింది. సాయంత్రానికి పిన్నికీ వచ్చేసింది. నేను పాదం చెబితే సూది కదుపుతూనే తప్పు పట్టేసేది. ఈ సంగతి మాస్టారికి గొప్పగా చెప్పాను. "ఆడపిల్లకి ఛందస్సు నేర్పి అప్పడాల కర్రకి పట్టుచీర కడతావుట్రా?" అని నవ్వాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇలాంటివి ఇంకా ఉన్నాయి, దాచను.

ఆ చలికాలం పిన్నికి పెళ్ళి కుదిరింది. అబ్బాయిది గోదావరి అవతల, కోనసీమ. మాఘమాసంలో ముహూర్తం. అప్పట్లో మా వైపు పెళ్ళి బంతిలో ఒక ఆచారం ఉండేది. విస్తళ్ళలో అన్నీ వడ్డించి నెయ్యి వేశాక, ముద్ద కలపబోయే ముందు ఆడపెళ్ళివారి తరఫున ఎవరో ఒకరు లేచి పెళ్ళికూతురి మీద పద్యం చదవాలి. తర్వాత మగపెళ్ళివారు అందుకోవాలి. పద్యం అయ్యేదాకా ఎవరూ తినకూడదు. వేడి అన్నం మీద నెయ్యి పేరుకుపోతుంటే, ఎదురుగా గారెలు చల్లారిపోతుంటే, ఆకలితో మాడుతున్న జనం ఆహా ఓహో అనేవారు. తొందరగా ముగించమని దానర్థం. ఆహా అంటే రెండోది ఎత్తుకునే మూర్ఖులే కవులు.

పిన్ని పద్యం నన్నే చదవమంది. తాతయ్య మాస్టారి చేత రాయిస్తానన్నాడు. పిన్ని పెళ్ళి విషయంలో నోరెత్తి అడిగింది అదొక్కటే. చీర అడగలేదు, నగ అడగలేదు, పెళ్ళికొడుకు ఎలా ఉంటాడని కూడా అడగలేదు. నన్ను అరుగు మీదికి పిలిచి చెప్పింది.

"నా పేరు అక్కర్లేదురా. అక్కడ ఎవరూ నన్నెరగరు. విన్నవాళ్ళకి, ఓహో, ఫలానా పిల్ల మనింటికొస్తోంది అని తెలిస్తే చాలు."

వారం రోజులు తిన్నది ఒంటబట్టలేదు. పక్కవాళ్ళ దొడ్లో ఉసిరికాయలు దొంగిలించి తెచ్చి, పిన్ని వాటికి ఉప్పు కారం అద్ది ఇస్తుంటే నములుతూ, పళ్ళు పులిసిపోయేదాకా రాశాను. పిన్నికి చూపించలేదు. పెళ్ళిలోనే వినాలని నా పట్టుదల. ఇదిగో ఆ పద్యం:

వేలి మీద లేసు వేసిన గీతతో
పన్ను కనబడంగ పకపక నగు
ఉప్పు కారమద్ది యుసిరికాయిచ్చును
పిన్ని వెళ్ళిపోవు పెళ్ళి యేల

మూడో పాదం మొదట్లో విసంధి ఉందని, సంధి కలపకుండా వదిలేశానని మా గ్రూపువాళ్ళు వేలెత్తి చూపిస్తారు. చూపనివ్వండి. వాళ్ళ వేళ్ళ మీద ఏ గీతా లేదు.

మాస్టారికి చూపించకుండా చదవడానికి వీల్లేదన్నాడు తాతయ్య. తీసుకెళ్ళాను. ఆయన పడక్కుర్చీలో కూర్చుని తొడ చరుస్తూ నాలుగు పాదాలూ చదివాడు. గణాల్లో తప్పు దొరకలేదు. అది ఆయనకి నచ్చలేదు. నశ్యం పీల్చి, ఎర్ర పెన్సిలు అడిగాడు.

"పెళ్ళికూతురికి పన్ను ఎత్తు అని పదిమందిలో చాటుతావుట్రా? లేసులూ ఉసిరికాయలూ పద్యంలో పెట్టే వస్తువులా? పైగా పెళ్ళి బంతిలో నిలబడి పెళ్ళి ఏలా అంటావా? మగపెళ్ళివారు చెప్పు తీసుకుంటారు."

నేను గొణిగాను, మా పిన్ని అలాగే ఉంటుందండీ అని. ఆయన పెద్దగా నవ్వాడు.

"పద్యానికి మనిషి అక్కర్లేదురా. మాటలు చాలు."

ఆయన బల్ల సొరుగులో ఒక నోటుపుస్తకం ఉండేది. పెళ్ళికూతురికి పనికొచ్చే మాటలు, పెళ్ళికొడుక్కి పనికొచ్చేవి, చచ్చిపోయినవాళ్ళకి పనికొచ్చేవి, గణాల వారీగా రాసిపెట్టుకున్నాడు. అందులోంచి చూసి నా పద్యం 'సవరించాడు'. నా మాట ఒక్కటీ మిగల్లేదు:

కలువకంటి చెలియ కమలాస్య లలితాంగి
మందగమన సుగుణ మణుల ఖనియె
మెట్టినింట పతిని మెప్పించి వెలుగొంది
పుట్టినింటి కీర్తి పొంగజేయు

చెబితే సిగ్గుచేటు గానీ, నాకది నచ్చింది. గలగలా పోతోంది. దాని పక్కన పెడితే నాది కూరగాయల సంచిలా కనిపించింది. ఇంటికెళ్ళేలోపు కంఠతా పట్టేశాను. నా పద్యం ఉన్న కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

పెళ్ళి రోజు తాటాకు పందిట్లో మొదటి బంతి. అరటాకుల పచ్చి వాసన, బూరెల వాసన, పనసపొట్టు కూరలో ఆవ ఘాటు. పెళ్ళికొడుకు పక్కన పిన్ని తల వంచుకుని కూర్చుంది. పైవరసలో మాస్టారు శాలువా కప్పుకుని కూర్చున్నాడు. నెయ్యి వడ్డన అయింది. తాతయ్య సైగ చేశాడు. లేచాను.

పిన్ని తలెత్తి నన్నే చూసింది. ఆ చూపు తల్చుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

రెండు పాదాలు బాగానే రాగం తీశాను. మూడో పాదం ఎత్తుకోగానే మగపెళ్ళివారి వరసలోంచి ఇంకో గొంతు నాతో కలిసింది. పెళ్ళికొడుకు మేనమామ, బొద్దుగా ఉన్న పెద్దమనిషి, కళ్ళు మూసుకుని చివరి రెండు పాదాలూ నాతోపాటు తప్పుల్లేకుండా చదివేశాడు. ఆయన కళ్ళు తెరిచి అన్నాడు:

"కిందటి వేసవిలో మా పెద్దమ్మాయి పెళ్ళికి ఈ మాస్టారే రాసిచ్చారండి ఇది. చాలా బావుంటుందండి."

ఆయన వెక్కిరించలేదు, పాపం. మనస్ఫూర్తిగానే అన్నాడు. బంతంతా గొల్లుమంది. ఒకే పద్యంతో ఇద్దరు పిల్లల్ని అత్తారింటికి పంపిన మాస్టారు చెక్కుచెదరలేదు. మంచి పద్యం దీపం లాంటిది, ఎన్ని ఇళ్ళలోనైనా వెలిగించుకోవచ్చని సెలవిచ్చాడు. ఆహా అన్నారు అందరూ. ఆకలి మరి. ఆయన పులిహోర ఇంకాస్త వేయించుకున్నాడు. అంత సిగ్గులేని ముద్ద కలపడం నేను మళ్ళీ చూడలేదు. తర్వాత్తర్వాత అద్దంలో చూశాను.

నవ్వనిది పిన్ని ఒక్కతే. తల మళ్ళీ విస్తట్లోకి వంచేసింది.

భోజనాలయ్యాక వెనక వసారాలో చెయ్యి కడుక్కుంటుంటే పిన్నికి దొరికాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తడిచేత్తో నా క్రాపు సర్దింది.

"బాగా చదివావురా. కానీ అందులో నేనెక్కడున్నాను?"

నా పద్యం జేబులోనే ఉంది. చెయ్యి పెట్టి తియ్యడమే. తియ్యలేదు. పన్ను సంగతి చదివి బాధపడుతుందేమోనని భయం. మాస్టారు కొట్టేసినదాన్ని చూపించాలంటే నామోషీ. రెండూ కలిసి నా నోట మాస్టారి మాటే పలికించాయి. "పద్యంలో అలాగే ఉంటారు పిన్నీ" అన్నాను.

"అలాగా" అంది. మర్నాడు నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి కథ త్వరగా చెబుతాను, గర్వపడేది ఏమీ లేదు కనక. నేను తెలుగు చదివాను, తెలుగు చెప్పాను. మాస్టారి నోటుపుస్తకం లాంటిదే నాకూ ఒకటి తయారైంది. పెళ్ళిళ్ళకీ, పదవీ విరమణలకీ, విగ్రహాల ఆవిష్కరణలకీ కలువకళ్ళు, కల్పవృక్షాలు పంచిపెట్టాను. నాకూ శాలువాలు కప్పారు. బీరువా నిండా ఉన్నాయి, చలికి ఒక్కటీ పనికిరాదు. మావాళ్ళ పెళ్ళిళ్ళలో పిన్ని కనిపించినప్పుడల్లా "ఏరా, నా పద్యం ఎప్పుడు?" అనేది. చదివాను కదా అనేవాణ్ణి. అలా అడిగేటప్పుడు పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అత్తగారింట్లో అడుగుపెట్టిన కొత్తల్లోనే పన్ను చూసి ఎవరో ఏదో అన్నారట. అప్పట్నుంచీ పెద్దగా నవ్వడం మానేసిందని అమ్మ చెప్పింది. ఆ పన్ను కనబడితే నాకెంత ఇష్టమో నాలుగు పాదాల్లో రాసి జేబులో పెట్టుకున్నవాణ్ణి నేను. నలుగురి ముందూ చదివి ఉంటే ఆ నవ్వు నిలబడేదేమో. నిలబడేది కాదేమో. అది తెలుసుకునే అవకాశం నేనే లేకుండా చేశాను.

పిన్ని పోయింది. పెద్దకర్మ రోజు నాలుగు మాటలు చెప్పమన్నారు నన్ను. కవిని కదా. లేచి సీసపద్యం చదివాను. సుగుణాల రాశి, శాంతమూర్తి, పుణ్యవతి అన్నాను. అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నా నోటుపుస్తకంలో చచ్చిపోయినవాళ్ళకి పనికొచ్చే మాటలు అవే మరి. అంతకంటే నీచమైన పని నేను చేసినట్టు గుర్తులేదు.

ఇదంతా ఆ అమ్మాయి మెసేజ్ చూస్తూ తల్చుకున్నాను. కాఫీ చల్లారిపోయింది. పిన్ని పద్యం కాగితం ఏనాడో చాకలికి వేసిన చొక్కాతో పోయింది. పద్యం పోలేదు. అక్షరం తప్పకుండా వచ్చింది. ఫోన్‌లో టైపు చేశాను. ఎన్నేళ్ళు పట్టిందో లెక్కపెట్టుకోలేదు. ముందు గ్రూపులో పెట్టాను. కింద ఇంకో మాట రాశాను, 'అమ్మ' పోటీలో మొదటి బహుమతి ఐసుగడ్డ పద్యానికి, ఆ పిల్ల రాసింది రాసినట్టే అని.

జవాబులు వెంటనే వచ్చాయి. ఒకాయన చేతులు జోడించాడు. ఇంకొకాయన మూడో పాదంలో విసంధి అన్నాడు. మరొకాయన పెళ్ళిలో పెళ్ళి ఏలా అనడం అశుభ సూచకం, పెద్దలు సవరించగలరు అన్నాడు. ఐసు అన్యదేశ్యమని, న్యాయనిర్ణేతకి వయసు మీద పడిందని ఇంకెవరో. ఎవరూ పిన్నిని చూడలేదు. నేను తయారుచేసిన మనుషులే, ఏమని తిట్టను?

తర్వాత ఆ అమ్మాయికి విడిగా పంపాను. నీ పద్యం దిద్దడం నాదే తప్పు, నీ ఐసుగడ్డలు నీ పద్యంలోనే ఉంచమ్మా అని రాసి, దాని కింద నా పద్యం పెట్టాను. ఎవరి మీద రాశానో చెప్పలేదు. కాసేపటికి జవాబొచ్చింది.

"సార్, మీ పిన్నిగారు ఎక్కువ నవ్వేవారాండి? లేసు అల్లేవారు కదండీ. మా నాన్నమ్మ వేలికి కూడా అలాగే గీత ఉంటుందండి. ఆవిణ్ణి చూసినట్టే ఉందండి."

అవునమ్మా, వీధి చివరిదాకా వినపడేది అని రాశాను.